కలుపు తీసిన చేతులు

మా ఆయన పోయిన ఏడాదికి టేపు పిన్ని మా ఇంటికి వచ్చి, లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "మీ ముక్క పోయేలా ఉందమ్మాయ్" అంది.

టేపు పిన్ని మాకు చుట్టమేమీ కాదు. ఊరి చివర వాటర్ ట్యాంకు వెనక ఉన్న ఖాళీ స్థలాన్ని మున్సిపాలిటీ వాళ్లు ముక్కలు చేసి, కూరగాయలు పెంచుకుంటామన్న వాళ్లకి తలా ఒకటి ఇచ్చారు. ఆ ముక్కల పెత్తనం ఈవిడది. కొలతల టేపు మెడలో వేసుకుని తిరుగుతుంది. బడిపిల్లల యూనిఫాంలు కుట్టి బతికే దాన్ని నేను, నా మెడలో కూడా టేపు అంతసేపు ఉండదు.

"వానలు తగ్గాక కొలవడానికి వస్తాను. నేలలో ముప్పావు వంతు పంట పైకి కనపడాలి. లేకపోతే వరసలో ఉన్నవాళ్లకి ఇచ్చెయ్యాలి. రూలు నేను పెట్టింది కాదు."

"ఆ రూలు పెట్టినవాణ్ణి ఒకసారి వచ్చి అక్కడి ముళ్లు పీకమనండి" అన్నాను. నాకు ముక్కు మీద కోపం. మా ఆయన ఉన్నంతకాలం ఆ కోపాన్ని నవ్వి ఊరుకునే మనిషి ఒకడుండేవాడు. ఇప్పుడు అది ఎవరికి తగిలితే వాళ్లకి తగులుతోంది.

ఆ ముక్క కోసం మా ఆయన చాలా ఏళ్లు ఎదురుచూశాడు. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే పని ఆయనది. రోజంతా ఆ వాసనలో ఉండి, సాయంత్రం మట్టి వాసన పీలిస్తే గాని తిండి సయించదనేవాడు. ఎవరో ఇల్లు పడగొడుతుంటే పాత తలుపులు తెచ్చి, ముక్కలో వెనకవైపు ఒక గది కట్టాడు. నాలుగు గోడలూ తలుపులే. అందులో ఏది తెరుచుకుంటుందో కొత్తగా వచ్చినవాళ్లకి అంతుపట్టేది కాదు. ఒక్కో తలుపూ తోసి చూస్తుంటే లోపల కూర్చుని నవ్వేవాడు. ఒకరోజు పొద్దున్న టీ తాగి పనికి వెళ్లినవాడు మరి తిరిగి రాలేదు. పనిచేస్తున్న బల్ల మీదే తల వాల్చాడట. నిద్రపోతున్నాడనుకున్నారట.

ఇంట్లో ఇక మిగిలింది నేనూ, మా మామయ్య. నాకు మొగుడు పోయాడు, ఆయనకి కొడుకు పోయాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఏడుపొస్తుందని చూసుకోవడమే మానేశాం. "అన్నం పెట్టాను", "తలుపు వేసుకోండి" ఇవీ మా మాటలు. మా అన్నయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "వచ్చెయ్యవే, అక్కడేముంది నీకు?" అనేవాడు. ఆ ముక్క కూడా పోతే ఆ ఇంట్లో మామయ్యతో ఉండటానికి నాకూ, నన్ను ఉండమనడానికి ఆయనకీ ఒక్క కారణం మిగలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

పిన్ని వెళ్లిపోయాక లోపలి గదిలోంచి మామయ్య గొంతు వినిపించింది.

"కలుపు సంగతి నాకు వదిలెయ్యమ్మా."

ఎన్నో నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి పెద్దమాట అది.

మర్నాడు మామయ్యతో వెళ్లి చూస్తే గేటుని తీగలు కట్టేసి ఉన్నాయి. గడ్డి నా భుజాల దాకా ఉంది. గది పైకప్పు మాత్రం ఒక మూల కనిపిస్తోంది, మునిగిపోతున్నవాడి నెత్తిలాగా. పక్క ముక్కలో గుమ్మళ్లు తప్ప ఇంకేమీ వెయ్యని పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అందరూ గుమ్మడి బాబాయ్ అంటారు. ఆయన కంచె మీంచి తొంగిచూసి, "లోపలికి దిగేముందు ఇంట్లో చెప్పి వచ్చారా?" అన్నాడు.

"చెప్పడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు, ఇద్దరం వచ్చేశాం" అన్నారు మామయ్య. గుమ్మడి బాబాయ్ నవ్వబోయి ఆగిపోయాడు.

మామయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశారు. ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచిన మనిషి. పట్టాల మధ్య గడ్డి మొలిస్తే నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిస్తే కంకర కుంగుతుంది, కంకర కుంగితే బండి పడిపోతుంది. కాబట్టి పచ్చగా కనపడిందల్లా పీకెయ్యడమే ఆయన ఉద్యోగం. ఇంట్లో కుండీలో తులసి పెడితే కూడా మొదటి వారం ఆయన చేతులు దురద పెట్టాయని మా ఆయన వేళాకోళం చేసేవాడు.

మామయ్య పని చెయ్యడం నేను అప్పుడే చూశాను. దుమ్ము పోకుండా ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకునేవారు. చేతులకి పాత కాన్వాసు తొడుగులు. మోకాళ్ల కింద గోనెసంచి. రెండు చేతులు చాపినంత మేర నేలని ముందేసుకుని, అందులో ఒక్క పోచ మిగలకుండా వేళ్లతో సహా లాగి, మట్టి దులిపి, పక్కన కుప్ప పెట్టి, సంచి ముందుకి జరుపుకునేవారు. తొందర లేదు, ఆగడం లేదు. నేను కుట్టు దుకాణం నుంచి వచ్చి, గునపంతో ముళ్ల తుప్పల మీద నా కోపమంతా తీర్చుకుని నడుం పట్టుకుని కూలబడేసరికి, ఆయన వెనకాల తువ్వాలు పరిచినంత నున్నటి నల్లనేల ఉండేది.

"ఇది గరిక. తల తుంచితే లాభం లేదమ్మా, కిందెక్కడో దాని తల్లి ఉంటుంది" అనేవారు. మొదట్లో కలుపు గురించే మాట్లాడుకున్నాం. గరిక, తుంగ, అంటుకునే కాయలు. తర్వాత మెల్లగా వేరే మాటలొచ్చాయి. మా ఆయన చిన్నప్పుడు రైలు వచ్చే టైముకి పట్టాల పక్కన నిలబడి, ఇంజను డ్రైవర్‌కి నాన్న పేరు చెప్పి చెయ్యూపేవాడట. ఈ మాట నాకు మా ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

గది దాకా చేరిన రోజు తలుపు తోసి చూశాం. ఒక తలుపుకి పగిలిన అద్దంలోంచి తీగ లోపలికి పాకి, మా ఆయన కూర్చునే కుర్చీ కాళ్లకి చుట్టుకుపోయి, చేతుల దాకా ఎక్కింది. నేను కత్తి తీశాను. మామయ్య వద్దన్నారు. కింద కూర్చుని ఆ తీగని చుట్టు చుట్టుగా విప్పుతూ వచ్చారు. చివరి చుట్టు ఊడిపోయాక కుర్చీ పట్టెమీద తల ఆనించి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏడాది పాటు దాచుకున్నది ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. సిగ్గు కూడా వెయ్యలేదు.

ఆ తర్వాత ఇల్లు కాస్త ఇల్లులా అయింది. నేను ఆయన్ని మళ్లీ కసురుకోవడం మొదలుపెట్టాను. బల్బు గుడ్డిగా ఉందని రోజూ గొణిగేవారు. కొత్త బల్బు తెస్తే అదీ గుడ్డిదే అన్నారు. టీ గ్లాసు ముందు పెడితే బల్ల మీద తడిమి గాని తీసుకునేవారు కాదు. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఆయన చొక్కాల సంగతి. తోటకి వెళ్లే దారి పొడుగునా రైల్వే వాళ్ల ప్రహరీగోడ ఉంటుంది. రోజూ ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా ఆ గోడ సున్నమే.

"గోడకి వెల్ల వేసేది మీరేనా మామయ్యా? రోడ్డంతా ఖాళీగా ఉంటే గోడకి రాసుకుంటూ నడవడమేంటి?"

"పట్టాల వాడికి పక్కనే నడవడం అలవాటమ్మా, మధ్యలో నడిస్తే బండి వస్తుంది" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

వానలు సగంలో ఉండగా విత్తనాలు వేశాను. పాలకూర, ముల్లంగి, క్యారెట్, గేటు పక్కన చిక్కుడు, మధ్యలో రెండు పెద్ద మళ్ల నిండా కొత్తిమీర. మా ఆయనకి కొత్తిమీర పిచ్చి. వరసలు వంకర పోకుండా పుల్లలు పాతి, దుకాణంలో మిగిలిన ఎర్రదారం కట్టాను. వారం తిరిగేసరికి మొలకలొచ్చాయి. ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలు తీరి ఉన్నాయి. వాటిని చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

"వచ్చాయా?" అన్నారు మామయ్య.

"మీ ముందే ఉన్నాయిగా, చూడండి."

ఆయన వంగి చాలాసేపు చూశారు. "బాగున్నాయమ్మా, చాలా బాగున్నాయి" అన్నారు.

పిన్ని రావడానికి ఇంకా నాలుగు రోజులుందనగా దుకాణంలో పని నెత్తిన పడింది. దసరా సెలవుల్లోపు యూనిఫాంలన్నీ ఇచ్చెయ్యాలి. కాజాలు కుట్టీ కుట్టీ వేళ్లు బొబ్బలెక్కాయి. ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయి, "ఈ వానకి వరసల మధ్య కలుపు మళ్లీ లేచింది మామయ్యా. ఆవిడ వచ్చేలోపు ఎప్పుడు తియ్యను?" అన్నాను. ఊరికే అన్నాను. మనిషికి మనిషి తోడున్నాక అలసట చెప్పుకుంటాం కదా, అలా.

మర్నాడు సాయంత్రం దుకాణం నుంచి నేరుగా తోటకి వెళ్లాను. మామయ్య గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు అలాగే ఉన్నాయి. నా అడుగుల చప్పుడు విని లేచి నిలబడ్డారు. గుడ్డ పైన కళ్లు నవ్వుతున్నాయి.

"చూసుకోమ్మా. పొద్దుటి నుంచీ చేశాను. ఒక్క పచ్చటి పోచ చూపించు, నా పేరు మార్చుకుంటా."

నిజమే. ఒక్క పోచ లేదు. ముక్క ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నున్నగా, నల్లగా, దువ్విన తలలా ఉంది. పాలకూర లేదు. ముల్లంగి లేదు. చిక్కుడు తీగలు ఎక్కించిన పుల్లలు ఒట్టిగా నిలబడి ఉన్నాయి. రెండు చేతుల దూరానికొకటి చొప్పున కుప్పలు, మట్టి దులిపి, వేళ్లన్నీ ఒకవైపుకి పెట్టి. నా కాళ్ల దగ్గరి కుప్పంతా కొత్తిమీరే.

"ఏవో దారాలు కాళ్లకి అడ్డం పడుతుంటే చుట్టి పెట్టానమ్మా. పారెయ్యలేదు, నీ దుకాణానివి కదా" అంటూ జేబులోంచి దారపుండ తీసి చూపించారు.

నా నోటికి ఎన్ని మాటలొచ్చాయో. ఏ ఒక్కటి బయటపడినా ఆయన మరి ఆ నేల మీద అడుగు పెట్టేవారు కాదు. అరవడానికి ఊపిరి తీసుకుని, ఎందుకో గేటు పక్కనున్న నీళ్ల టాపు వైపు రెండడుగులు పక్కకి జరిగాను. ఆయన తిరగలేదు. నేను ఇందాక నిలబడ్డ చోటుకే దారపుండ చాపి, ఆ చోటుతోనే మాట్లాడుతున్నారు.

"ఏమ్మా, మాట్లాడవేం? బాగాలేదా?"

గుడ్డి బల్బు, తడిమే గ్లాసు, సున్నం అంటిన చొక్కా చెయ్యి. అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ఆయనకి పచ్చగా ఉన్నదీ, నల్లగా ఉన్నదీ తెలుస్తోంది. అంతకుమించి తెలియట్లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నారు కాబట్టి వాసన తెలియలేదు. తొడుగులున్నాయి కాబట్టి ఆకు తెలియలేదు. ముప్పై ఏళ్ల పని మాత్రం చేతులకి తెలుసు. నా కోసం పొద్దుటి నుంచీ మోకాళ్ల మీద పాకి, నా పంటనంతా ఒక్క మొక్క కూడా విరగకుండా వేళ్లతో సహా పీకి పెట్టారు.

"చాలా బాగుంది మామయ్యా" అన్నాను. "అద్దంలా ఉంది."

జీవితంలో మొదటిసారి కోపాన్ని మింగాను. ఆయన చాపిన దారపుండ అందుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన కుళాయి దగ్గర కూర్చుని గుడ్డ విప్పారు. తొడుగులు ఒక్కొక్కటీ లాగారు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. రెండో తొడుగు లాగుతూ ఆగిపోయారు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఇల్లంతా కొత్తిమీర వాసన. మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత రెండు అరచేతులూ వాసన చూసుకుని, నీళ్లు కారుతున్న సంగతి కూడా మర్చిపోయి అలాగే కూర్చుండిపోయారు.

అన్నానికి పిలిచాను. వచ్చారు. "ఈరోజు కూర చాలా బాగుందమ్మా" అన్నారు. ఆ రోజు కూర మాడిపోయింది.

టేపు పిన్ని చెప్పిన రోజే వచ్చింది. గేటు తీసి, నేల చూసి, నోరు తెరుచుకుని నిలబడింది. మళ్లీ విత్తినవి ఇంకా పైకి రాలేదు. "ఇదేంటమ్మాయ్, పోయిన వారం కంచె అవతల నుంచి చూసి ఎంత సంతోషించానో! ఏమయ్యాయి?"

పశువులు పడ్డాయని చెబుదామని నోరు తెరిచాను. ఈలోపల నా వెనక నుంచి మామయ్య ముందుకొచ్చారు.

"నా కోడలు అన్నీ వేసిందండీ. అన్నీ మొలిచాయి. నేనే కలుపనుకుని పీకేశాను. నాకు కళ్లు కనపడట్లేదు. నీటికాసులట. పోయిన చూపు మరి రాదన్నాడు డాక్టరు. ఇంట్లో చెప్పలేదు. తప్పు నాది, ఆ పిల్లకి శిక్ష వెయ్యకండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల నిటారుగా ఉంది. చూపు మాత్రం పిన్ని మీద లేదు, పక్కనున్న చిక్కుడు పుల్ల మీద ఉంది. పిన్ని మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంది. చాలాసేపు అదే పని చేసింది.

"మొత్తం ఆపడం నా చేతిలో లేదు. వరసలో ఉన్నవాళ్లు నన్ను బతకనివ్వరు" అంది చివరికి. "సగం ఆపగలను. ఏ సగమో చెప్పమ్మాయ్."

వెనక సగంలో మా ఆయన గది ఉంది. ఆయన చేత్తో బిగించిన తలుపులు, ఆయన నవ్వు, నాకు మిగిలిన ఆయనంతా అక్కడే ఉన్నాడు. దానికి వెళ్లే దారి ఎత్తుపల్లాల ఇటుకలు, మధ్యలో కాలువ. ముందు సగంలో ఏమీ లేదు. ఒట్టి చదును నేల, గేటు పక్కన టాపు. గోడ పట్టుకుని వచ్చిన మనిషి గేటు పట్టుకుంటే, నాలుగడుగుల్లో టాపు చేతికి అందుతుంది.

నేను గది వైపు చూశాను. క్షమించు, అనుకున్నాను.

"ముందు సగం ఇవ్వండి" అన్నాను.

తిరిగి వస్తుంటే మామయ్య గోడ పక్కనే నడుస్తూ, "గది వదిలేశావా?" అన్నారు.

"టాపు దగ్గరగా ఉంటుందని."

"అబద్ధాలు బాగా నేర్చావమ్మా ఈ మధ్య."

"మీ దగ్గరే నేర్చుకున్నా. కళ్ల సంగతి నాకెందుకు చెప్పలేదు?" అప్పుడు అరిచాను. రోడ్డు మీద, అందరూ చూస్తుండగా, ఏడుస్తూ అరిచాను.

"చెబితే జాలిపడి ఉండిపోతావని" అన్నారు. "ఉంటే ఉండాలనిపించి ఉండాలి గాని, గుడ్డి ముసలాణ్ణి వదల్లేక ఉండకూడదు. నీకింకా చాలా బతుకుంది తల్లీ."

గోడ మీద ఉన్న ఆయన చెయ్యి తీసి నా భుజం మీద వేసుకున్నాను. నా జాకెట్టుకి కూడా సున్నం అంటింది.

ఆ చలికాలం మా సగం ముక్క విరగకాసింది. పాలకూర కోసిన కొద్దీ వచ్చింది. ముల్లంగి, క్యారెట్ సంచుల్లో ఇరుగుపొరుగుకి పంచాను. గుమ్మడి బాబాయ్ కూడా వచ్చి చిక్కుళ్లు పట్టుకెళ్లాడు. మా అన్నయ్య ఒకసారి చూసిపోదామని వచ్చి, సంచి నిండా కూరలు మోసుకుని వెళ్లాడు. ఆ తర్వాత ఆదివారాలు ఫోన్ చేస్తున్నాడు గాని, అక్కడేముంది అని అడగట్లేదు. వెనక సగం ఒక కొత్త జంటకి వచ్చింది. తలుపులకి నీలంరంగు వేశారు. ఎవరైనా వచ్చి ఒక్కో తలుపూ తోసి చూస్తుంటే లోపల ఆ అమ్మాయి నవ్వుతుంది. ఆ నవ్వు వినపడినప్పుడు మామయ్య తల అటు తిరుగుతుంది. నేను టాపు ఇంకా పెద్దగా తిప్పుతాను.

ఆయన ఇప్పుడూ నాతో వస్తారు. చూపు పూర్తిగా పోయింది. ముక్కుకి గుడ్డ లేదు, తొడుగులు లేవు. గోనెసంచి మీద మోకాళ్లు ఆనించి, ఒక్కో మొక్కనీ వేళ్లతో తడిమి, "ఇది పీకొచ్చా అమ్మా?" అని అడుగుతారు. నేను చెబితే గాని పీకరు. ప్రతి పోచకీ అడుగుతారు.

నిన్న నేను బకెట్టు నింపుతుంటే అలాగే అడిగారు. తిరిగి చూశాను. ఆయన వేళ్ల మధ్య గరిక ఉంది.

"గరికే మామయ్యా, పీకెయ్యండి."

"నువ్వొచ్చి చూడమ్మా ఒకసారి" అన్నారు.

అది గరికని ఆయన వేళ్లకి తెలుసు. ముప్పై ఏళ్లు దాన్ని పీకిన వేళ్లవి. అయినా నేను టాపు కట్టేసి, బకెట్టు దించి, పక్కన వచ్చి కూర్చునేదాకా ఆ పోచని పట్టుకుని, లాగకుండా, అలాగే ఉన్నారు.